అద్దెకున్నోడి మీద పాత కరెంటు బాకీ: సర్దుబాటు ఛార్జీల మీద ఎక్కడ అడగాలి?

అద్దెకొంప_శ్రీను | 2025 జనవరి 6, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఏడేళ్లు పుణెలో ఉద్యోగం చేసి పోయిన జూన్‌లో సొంతూరికి దగ్గరని ఈ టౌన్‌కి వచ్చి అద్దెకు దిగాను. కోస్తాలోనే, ఊరి పేరు ఎందుకులెండి. ఈ నెల కరెంటు బిల్లు చూసి అర్థం కాక ఇక్కడ అడుగుతున్నా.

వాడింది 178 యూనిట్లు. దానికి వేసింది 735 రూపాయలు. అంతవరకు సరే. దాని కింద ఎఫ్‌పీపీసీఏ అని మూడు లైన్లు. ఒకటి మొన్నటి నెలదట, ఒకటి 2022-23ది, ఇంకోటి 2023-24ది. మూడూ కలిపి మూడొందల పైనే. 2022లో నేను పుణెలో మహారాష్ట్ర కరెంటు వాడుకుంటున్నా, ఆ బిల్లులన్నీ కట్టేశా. ఈ ఇంట్లో అప్పుడెవరున్నారో ఓనర్ గారికే సరిగ్గా గుర్తు లేదు. ఆఫీసుకెళ్తే కౌంటర్‌లో ఉన్నాయన "మా చేతుల్లో ఏం లేదండీ, కమిషన్ ఆర్డరు" అన్నాడు. కమిషన్ అంటే ఎవరు, ఎక్కడుంటారు, వాళ్లని మనలాంటివాళ్లు అడగొచ్చా?

ఫ్యూజుపోయింది | జనవరి 6, రాత్రి 9:52

ఇంకా నయం, మీ తాతగారి రేడియో లైసెన్సు బాకీ కలపలేదు.

రిటైర్డ్_ఏఏఓ | జనవరి 6, రాత్రి 11:15

శ్రీను గారూ, ముప్పై ఏళ్లు డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) అకౌంట్స్‌లో చేశాను. ఏ డిస్కం అని అడక్కండి, పెన్షన్ అక్కణ్నుంచే వస్తుంది.

ముందు మీ 735 సరిపోయింది. మొదటి 30 యూనిట్లు రూపాయి తొంభై, తర్వాత 45 మూడు రూపాయలు, ఆ పైన 50 నాలుగున్నర, మిగిలిన 53 ఆరు రూపాయలు. ఈ రేట్లు 2022 ఏప్రిల్ నుంచి ఇవే. "ఛార్జీలు పెంచలేదు" అని అందరూ చెప్పుకునేది ఈ పట్టికను చూపించే. పెరుగుదలంతా ఆ కింది మూడు లైన్లలో ఉంది.

ఎఫ్‌పీపీసీఏ అంటే ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు. ఆ లైన్ల కథ ఇదీ. డిస్కం ఖర్చులో ముక్కాలు భాగం దాకా కరెంటు కొనడానికే పోతుంది. ఏడాది మొదట్లో "ఇంతకి కొంటాం" అని కమిషన్‌కి, అంటే రేట్లు నిర్ణయించే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏపీఈఆర్‌సీకి అంచనా ఇస్తారు, దాన్ని బట్టి రేటు కడతారు. ఏడాది తిరిగేసరికి బొగ్గు పెరిగిందనో, ఎండలకి ఎక్స్‌ఛేంజ్‌లో, అంటే కరెంటు మార్కెట్లో కొనాల్సొచ్చిందనో అసలు ఖర్చు పైకి పోతుంది. ఆ తేడాని తర్వాత మన దగ్గర వసూలు చేసుకోవడమే ట్రూ అప్. 2022 డిసెంబర్‌లో కేంద్రం రూల్స్ మార్చి ఈ సర్దుబాటు నెలనెలా దానంతటదే బిల్లులో పడేట్టు చేసింది. మన రాష్ట్రంలో కమిషన్ దానికి యూనిట్‌కి 40 పైసల హద్దు పెట్టింది. మీ మొదటి లైను అదే. హద్దు దాటింది ఏడాది చివర లెక్క తేల్చి అడుగుతారు. మిగతా రెండు లైన్లూ అలా ఏడాది లెక్క తేల్చి వేసినవే.

2022-23కి డిస్కంలు అడిగింది 8 వేల కోట్ల పైన, ఏపీఈఆర్‌సీ ఒప్పుకుంది 6,072.86 కోట్లు. 2023-24కి దాదాపు 11,800 కోట్లు అడిగితే 9,412 కోట్లు. మొదటిది 15 నెలల్లో, రెండోది 24 నెలల్లో వసూలు చేసుకోమన్నారు. రెండూ మొన్న డిసెంబర్ నుంచే మొదలవడంతో మీకు ఒకేసారి తగిలాయి.

ఇక మీరు అప్పుడు పుణెలో ఉన్న సంగతి. బాకీ సర్వీసు నంబరుది, మనిషిది కాదు. అన్యాయమే. లెక్క రాసేవాళ్లకి మాత్రం అదే సులువు.

మిల్లుమేనేజర్ | జనవరి 7, ఉదయం 6:30

ఏఏఓ గారు చెప్పని ముక్క ఒకటి. 2022 ఏప్రిల్‌లో మాకు పవర్ హాలిడే ఇచ్చారు. నిరంతరం నడిచే పరిశ్రమలు సగం లోడుతో నడుపుకోమన్నారు. మిల్లు ఆపి కూలీలకి కూర్చోబెట్టి డబ్బులిచ్చాం. ఆ ఏడాది కరెంటు ఖరీదుగా కొన్నామని ఇప్పుడు మా దగ్గరే వసూలు. పెళ్లికి పిలవకుండా చదివింపులు మాత్రం రాయించుకున్నట్టుంది.

ఫ్యూజుపోయింది | జనవరి 7, ఉదయం 7:05

శ్రీను అన్నా, రెండేళ్లు దాటిన బాకీ వసూలు చేయకూడదని విద్యుత్ చట్టంలోనే ఉంది. సెక్షన్ 56. ఆ కాగితం పట్టుకెళ్లి కౌంటర్ మీద కొట్టు.

రిటైర్డ్_ఏఏఓ | జనవరి 7, ఉదయం 8:20

కొట్టకండి, చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు. 56(2)లో రెండేళ్లన్నది నిజమే. కానీ ఆ రెండేళ్లు లెక్కపెట్టేది బాకీ "మొదట చెల్లించవలసి వచ్చిన" రోజు నుంచి. అంటే బిల్లు ఇచ్చిన రోజు నుంచి అని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ లైను మీ బిల్లులో మొన్ననేగా పడింది.

గట్టిగా నిలబడే వాదన వేరే ఉంది, దానికి ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 2021 ఆగస్టులో 2014-19 నాటి ట్రూ అప్ అని 3,669 కోట్లకి ఆర్డరిచ్చారు. కొన్ని జిల్లాల్లో యూనిట్‌కి రూపాయి 23 పైసలు, ఉత్తర కోస్తా వైపు 45 పైసలు. సెప్టెంబర్ బిల్లులు చూసి జనం గగ్గోలు. హైకోర్టుకెళ్లారు. అక్కడ దొరికిన లోపం ఏంటంటే, ఈ పిటిషన్ మీద అభ్యంతరాలు చెప్పమని పేపర్లో ప్రకటన ఇవ్వలేదు. కమిషన్ తన ఆర్డరు తనే వెనక్కి తీసుకుంది. వసూలైంది తర్వాతి బిల్లుల్లో సర్దారు, నోటీసిచ్చి మళ్లీ మొదట్నుంచి విచారణ జరిపారు. తర్వాతి ఏడాది చివరికి కొంత పడింది, కాదనను. కానీ మూడు వేల కోట్ల కాగితం ఒక పేపర్ ప్రకటన లేక ఆగిపోయిందని గుర్తుపెట్టుకోండి.

కొండారెడ్డిబురుజు | జనవరి 7, మధ్యాహ్నం 1:10

కమిషన్ యాడుందని అడిగితివి కదా శ్రీనూ, మా కర్నూల్లోనే ఉండాది. ముందు హైదరాబాద్‌లో ఉండె, 2023లో ఈడికి వచ్చె. నేనొకసారి విచారణ చూసేకి పోయినా. ఎవరైనా పోవచ్చు, ఫీజు గీజు ఏం లేదు. ఇప్పుడు వీడియోలో కూడా పెడతాండారు, మీ దగ్గర డిస్కం ఆఫీసులో కూర్చొని మాట్లాడచ్చు.

హాల్లో ఉండేది ఎవరనుకున్యావు? ఫ్యాక్టరీ సంఘాల లాయర్లు, రైతు సంఘాలు, పార్టీలోళ్లు ఇద్దరు ముగ్గురు. ఇల్లు గలోడు, బాడుగకుండేటోడు ఒక్కడూ లేడు. అందరికన్నా ఎక్కువ మంది మనమే కదప్పా.

సత్యవతి_టీచరు | జనవరి 7, సాయంత్రం 5:45

మా వయసు వాళ్లకి కరెంటు ఛార్జీలు అనగానే గుర్తొచ్చేది 2000 ఆగస్టు 28, బషీర్‌బాగ్. 1998లో సంస్కరణల చట్టం, మరుసటి ఏడాది కమిషన్, దాని మొదటి టారిఫ్ ఆర్డరుతో ఛార్జీలు ఒక్కసారిగా పెరగడం, చలో అసెంబ్లీ, కాల్పులు. ముగ్గురు పోయారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏ ప్రభుత్వమూ ఇళ్ల ఛార్జీల జోలికి వెళ్లాలంటే జంకింది. అది చేసింది వీధి, పిటిషన్ కాదు. కాబట్టి కాగితం మీద అభ్యంతరం రాస్తే చాలని మరీ మురిసిపోకండి.

అలాగని రాయొద్దనీ అనను. ఎం.వేణుగోపాలరావు గారు, ఎం.తిమ్మారెడ్డి గారు లాంటి వాళ్లు కమిషన్ పుట్టిన దగ్గర్నుంచి ప్రతి ఏడూ లెక్కలన్నీ చదివి పేజీలకి పేజీలు అభ్యంతరాలు రాస్తూనే ఉన్నారు. టారిఫ్ ఆర్డరు తెరిచి చూడండి, ఎవరేం అడిగారు, డిస్కం ఏం చెప్పింది, కమిషన్ ఏమంది అని వరసగా ఉంటుంది. ఎప్పుడూ కనబడే పేర్లు అవే. నాకు బాధేసేది అక్కడే. ఇద్దరు ముగ్గురి ఓపిక మీద కోట్ల మంది బిల్లు ఆధారపడితే ఎలా?

ఓరుగల్లు_పోరడు | జనవరి 7, రాత్రి 8:30

మా తెలంగాణ దిక్కు సంగతి జెప్త. పోయిన అక్టోబర్ల డిస్కంలు 300 యూనిట్ల మీద వాడే ఇండ్లకు ఫిక్స్‌డ్ ఛార్జి కిలోవాట్‌కు 10 నుంచి 50 రూపాయలు జేస్తమని అడిగినయ్. వినడానికి చిన్నగనే ఉంటది. 5 కిలోవాట్ల కనెక్షన్ ఉన్నోనికి నెలకు రెండొందలు ఎక్కువ, ఫ్యాన్ తిరిగినా తిరగకున్నా. బహిరంగ విచారణ పెట్టిన్రు, మస్తు మంది వద్దన్నరు, మా కమిషన్ టీజీఈఆర్‌సీ కొట్టేసింది. రాదు రాదు అంటరు గని, గిట్ల ఒక్కోసారి వస్తది.

ఫ్యూజుపోయింది | జనవరి 7, రాత్రి 8:41

కమిషన్ ఏం చేసినా వెనకాల గవర్నమెంటే. ఈ గవర్నమెంటు కాకపోతే పోయిన గవర్నమెంటు. అసలు ఈ 9 వేల కోట్లు ఎవరి హయాంలోవో, ఆర్డరు ఎవరి హయాంలో వచ్చిందో

*[మిగతాది తీసేశాం. పార్టీల గొడవకి వేరే గది ఉంది, అక్కడికి వెళ్లి కొట్టుకోండి. – నిర్వాహకుడు]*

అరోరా_బాబాయ్ | జనవరి 8, ఉదయం 7:55

షికాగో పక్కన అరోరాలో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నా, మాది తెనాలి. సత్యవతి గారి ప్రశ్నకి ఇక్కడ ఒక రకం జవాబుంది, గొప్పేం కాదు గానీ తెలుసుకోదగ్గది.

ఇక్కడ కరెంటు, గ్యాస్ రెండూ కంపెనీల చేతుల్లోనే ఉంటాయి, రేటు కట్టేది రాష్ట్ర కమిషన్. కంపెనీ రేటు పెంచమని కేసు వేస్తే 11 నెలల్లో తేల్చాలి. అది అచ్చం కోర్టు కేసులా నడుస్తుంది. సాక్షులు, క్రాస్ ఎగ్జామినేషన్, "ఈ లెక్క తాలూకు కాగితాలు ఇవ్వండి" అని రాతపూర్వకంగా అడగడం. మామూలు మనిషి వల్ల కాదు. అందుకని 1983లో ఇల్లినాయ్ శాసనసభ చట్టం చేసి సిటిజన్స్ యుటిలిటీ బోర్డ్ అని పెట్టింది. ప్రభుత్వ ఆఫీసు కాదు, లాభాపేక్ష లేని సంస్థ, జనం చందాలతో నడుస్తుంది. వాళ్ల లాయర్లు, లెక్కల నిపుణులు ఇళ్ల వినియోగదారుల తరఫున కూర్చుంటారు. విస్కాన్సిన్‌లో ఇంకా ముందు, 1979లోనే వచ్చింది. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ లాంటి చోట్ల అయితే ప్రభుత్వమే ఒక ఆఫీసు పెట్టి జీతమిచ్చి మరీ కొట్లాడిస్తుంది.

తమాషా ఏంటంటే, చందాలు ఎలా అడగాలి? మొదట్లో కంపెనీ పంపే బిల్లు కవర్లోనే "మాలో చేరండి" అని వీళ్ల కరపత్రం పెట్టించేవారు. కంపెనీ కవరు, కంపెనీ స్టాంపు, కంపెనీ మీద కొట్లాడ్డానికి పిలుపు! కాలిఫోర్నియాలో టర్న్ అనే వినియోగదారుల సంస్థ కరపత్రం ఇలాగే పెట్టమంటే కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మాకు నచ్చని మాట మా కవర్లో మోయమని బలవంతం చేయడం మా వాక్స్వాతంత్ర్యానికి భంగం అంది. 1986లో గెలిచింది కూడా. కంపెనీకి వాక్కేమిటో! కానీ అదే కాలిఫోర్నియాలో ఇంకో పద్ధతుంది. కేసులో నీ వాదన నిజంగా పనికొచ్చిందని కమిషన్ అనుకుంటే నీ లాయరు ఖర్చు ఇప్పిస్తుంది. చివరికి అదీ బిల్లుల్లోంచే వస్తుందనుకోండి.

ఫలితం ఉందా అంటే, 2023లో మా కరెంటు కంపెనీ కామెడ్ వాటాదార్ల పెట్టుబడి మీద 10.5 శాతం రాబడి అడిగింది, కమిషన్ 8.905 ఇచ్చింది. వినడానికి ఒకటిన్నర శాతమే, కోట్ల డాలర్ల మాట అది. అదే ఏడాది నవంబర్‌లో షికాగో గ్యాస్ కంపెనీ పీపుల్స్ గ్యాస్ పైపులు మార్చే పనికి పెట్టాలనుకున్న 265 మిలియన్ డాలర్ల ఖర్చు కమిషన్ ఆపేసింది.

ఇక్కడంతా సత్యకాలం అనుకునేరు. ఇదే కామెడ్ శాసనసభ పెద్దని మంచి చేసుకోవడానికి ఆయన మనుషులకి పని చేయక్కర్లేని ఉద్యోగాలిచ్చి 2020లో 200 మిలియన్ డాలర్ల జరిమానా కట్టింది.

మిల్లుమేనేజర్ | జనవరి 8, ఉదయం 9:20

మన దగ్గర గ్యాస్‌కి ఇలాంటి విచారణ ఉందా? మా క్వార్టర్స్‌కి పైపు గ్యాస్ వచ్చింది, రేటు ఎప్పుడు మారుతుందో దేవుడికి తెలియాలి.

రిటైర్డ్_ఏఏఓ | జనవరి 8, ఉదయం 10:05

లేదు. పీఎన్‌జీఆర్‌బీ అని ఢిల్లీలో పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డుంది. ఏ ఊళ్లు ఏ కంపెనీకి, పెద్ద పైపులైన్ల అద్దె ఎంత, అంతవరకే. ఇంటికొచ్చే గ్యాస్ రేటు కంపెనీ ఇష్టం. దేశంలో పాత బావుల గ్యాస్‌కి 2023 ఏప్రిల్ నుంచి ముడి చమురు ధరలో పదో వంతు అని కేంద్రం సూత్రం పెట్టింది, అదొక్కటే కాస్త పగ్గం. కరెంటుకి కనీసం అడిగే గుమ్మం ఉంది, గ్యాస్‌కి అదీ లేదు.

బాబాయ్ గారు చెప్పిన పద్ధతికి మన చట్టంలోనూ చోటుంది. 2003 విద్యుత్ చట్టం, సెక్షన్ 94(3). వినియోగదారుల తరఫున వాదించడానికి కమిషన్ ఎవరినైనా నియమించుకోవచ్చు. మహారాష్ట్ర కమిషన్ పుణెలోని ప్రయాస్ సంస్థని, ముంబయి గ్రాహక్ పంచాయత్ అనే వినియోగదారుల సంఘాన్ని అలా గుర్తించింది. శ్రీను గారూ, మీరు ఏడేళ్లు కట్టిన బిల్లుల వెనక వాళ్లున్నారు!

అద్దెకొంప_శ్రీను | జనవరి 9, రాత్రి 10:30

రెండ్రోజులు కూర్చుని చదివా. ఇలా రాద్దామనుకుంటున్నా, చూసి చెప్పండి:

"గౌరవనీయులైన కమిషన్ వారికి. డిస్కంల అసమర్థత వల్ల జరిగిన నష్టాన్ని అమాయక ప్రజల మీద రుద్దడం పట్టపగలు దోపిడీ. మేము అప్పుడు ఈ రాష్ట్రంలోనే లేము. దీన్ని వెంటనే రద్దు చేయాలి."

సత్యవతి_టీచరు | జనవరి 10, ఉదయం 6:15

నాయనా, ఇది ఉపన్యాసం. "దోపిడీ" అంటే వాళ్లు "ఖండిస్తున్నాం" అని ఒక్క ముక్క రాసి పేజీ తిప్పేస్తారు. ప్రశ్న రాయి. ప్రశ్నకి జవాబు చెప్పాలి, జవాబుకి అంకె కావాలి.

రిటైర్డ్_ఏఏఓ | జనవరి 10, ఉదయం 9:00

టీచరు గారి మాట నూటికి నూరుపాళ్లు. కుర్చీ అవతల కూర్చుని ఈ అభ్యంతరాలకి జవాబులు రాసిన చెయ్యి నాది, అందుకని చెప్తున్నా. ధర్మాగ్రహం ఎంత ఉన్నా మాకు ఒక్క పేరా. నిద్ర పట్టనివ్వనివి వేరే. ఫలానా నెలలో ఎక్స్‌ఛేంజ్‌లో ఎన్ని యూనిట్లు ఏ రేటుకి కొన్నారు, అదే నెలలో చవక ప్లాంటు ఏదైనా ఖాళీగా ఉంచారా? లైన్లలో నష్టం కమిషన్ ఒప్పుకున్నది ఎంత, మీకు అయింది ఎంత, ఆ తేడా కరెంటు కూడా మా లెక్కలో కలిపారా? ఉచిత వ్యవసాయ కరెంటు యూనిట్ల మీద పడే సర్దుబాటు ఎవరు కడుతున్నారు, ప్రభుత్వం ఇచ్చిందా, మిగతావాళ్ల మీద పంచారా?

కింద మీ పేరు, చిరునామా, సర్వీసు నంబరు, విచారణలో మాట్లాడతారో లేదో రాయండి. ఒక కాపీ డిస్కంకి, అది అందిన రుజువుతో ఇంకోటి కమిషన్‌కి. తెలుగులో రాసినా తీసుకుంటారు. రెండు వేల కోట్లు, రెండున్నర వేల కోట్లు కోత పడ్డాయని పైన చెప్పానే, కోపానికి పడలేదు అవి. ఇలాంటి పట్టికల మీద పడ్డాయి.

మీ అద్దె బాధ కూడా ఆఖర్న ఒక పేరాలో పెట్టండి. గెలుస్తుందని చెప్పను, ఎవరూ అడగలేదని మాత్రం రికార్డులో ఉండకూడదు.

కొండారెడ్డిబురుజు | జనవరి 10, ఉదయం 9:40

పెద్దాయన ఈ ప్రశ్నలు ఇన్నేండ్లు ఈడ దాచిపెట్టినాడు సూడు!

రిటైర్డ్_ఏఏఓ | జనవరి 10, ఉదయం 9:58

చెప్పాగా, పెన్షన్.

అద్దెకొంప_శ్రీను | 2025 నవంబర్ 16, ఉదయం 11:20

పాత దారాన్ని లేపుతున్నందుకు ఏమనుకోకండి. కథ మిగిలిపోయింది.

2024-25 సర్దుబాటు మీద అభ్యంతరాలు పిలిచినప్పుడు ఏఏఓ గారి మూడు ప్రశ్నలూ, అద్దె పేరా కలిపి రెండు పేజీలు పంపా. డిస్కం నుంచి పోస్టులో జవాబొచ్చింది. నాకు ఒక ప్రభుత్వ కాగితం పేరు రాసి పంపడం అదే మొదలు, మా ఆవిడ లామినేషన్ చేయిద్దామంది. మొదటి ప్రశ్నకి పట్టిక ఇచ్చారు. రెండోదానికి "నిబంధనల ప్రకారమే" అన్నారు. అద్దె సంగతికి ఒకే వాక్యం, "సర్వీసు ఉన్న ఆవరణకే బాధ్యత".

ఆర్డరు సంగతి పేపర్లో చూసే ఉంటారు. ఆ ఏడాదికి డిస్కంలు అడిగింది 2,758.76 కోట్లు, కమిషన్ ఒప్పుకుంది 1,863.64 కోట్లు. కానీ నెలనెలా యూనిట్‌కి 40 పైసల చొప్పున అప్పటికే 2,787 కోట్లు వసూలు చేసేశారు. అందుకని 923.55 కోట్లు మనకే తిరిగి ఇవ్వాలన్నారు, యూనిట్‌కి 13 పైసలు, ఈ నవంబర్ నుంచి వచ్చే అక్టోబర్ దాకా. ట్రూ డౌన్. నా కాగితం వల్ల అని గొప్పలు పోను, నాలాంటివి చాలానే వెళ్లుంటాయి.

అసలు చెప్పాల్సింది వేరే. సెప్టెంబర్‌లో ఇల్లు మారాను. 2024-25లో నేను కట్టిన 40 పైసలన్నీ పాత ఇంటి మీటర్ మీద. తిరిగొచ్చేది ఇప్పుడక్కడ దిగిన కొత్త జంటకి.

ఫ్యూజుపోయింది | నవంబర్ 16, ఉదయం 11:31

😂😂 నెలకి 200 యూనిట్లంటే 26 రూపాయలు. వెళ్లి ఓ కాఫీ తాగి రా అన్నా.

మిల్లుమేనేజర్ | నవంబర్ 16, మధ్యాహ్నం 12:15

శ్రీను గారు, నాకు నెలకి లక్ష యూనిట్లు. 13 పైసలు నాకు 13 వేలు. కాఫీ నేనిప్పిస్తా.

సత్యవతి_టీచరు | నవంబర్ 16, సాయంత్రం 4:50

9 వేల కోట్ల లైను మాత్రం వచ్చే నవంబర్ దాకా బిల్లులో ఉంటుంది, మర్చిపోకండి.

రిటైర్డ్_ఏఏఓ | నవంబర్ 16, రాత్రి 8:05

వచ్చే ఏడాది రేట్ల ప్రతిపాదనలు ఈ నెలాఖరుకి పడాలి. వెబ్‌సైటులో పెట్టగానే లింకు ఇక్కడ వేస్తాను. దాదాపు వెయ్యి పేజీలుంటాయి, భయపడకండి, చదవాల్సినవి నలభై. విద్యుత్ కొనుగోలు పట్టికలు నేను చూస్తా. నష్టాల పట్టిక మిల్లుమేనేజర్ గారు తీసుకుంటే బాగుంటుంది. శ్రీను గారు అద్దె పేరా మళ్లీ రాయాలి, ఈసారి రెండిళ్ల బిల్లులూ పక్కపక్కన పెట్టి.

అద్దెకొంప_శ్రీను | నవంబర్ 16, రాత్రి 8:20

పాత బిల్లులు ఆ ఇంటి అటక మీద ఉండిపోయాయి. ఆదివారం వెళ్లి తెచ్చుకుంటా, ఎలాగూ వాళ్లని ఒకసారి చూడాలని ఉంది.